కాయను లేపిందెవరు

నా అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడడం మోత్కూరు చుట్టుపక్కల పాతిక ఊళ్లు చూశాయి. అరచేతి మీద అడ్డంగా పడుకోబెట్టిన కాయ, భూమిలో నీళ్లున్న జాగా మీదికి రాగానే ఎవరో పిలిచినట్టు నిటారుగా లేచేది. నేను అక్కడే ఆగి మడమతో గీత గీసేవాడిని. బోరు బండి ఆ గీత మీదే నిలబడేది. నీళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగిరేవి. పాలమూరు నుంచి సైతం మనుషులు వచ్చి నన్ను బతిమాలి తీసుకుపోయేవారు. ఈ విద్య ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లకే పట్టుబడుతుందని మా వైపు నమ్మకం. నా ఒంట్లో పారేది ఆ రక్తమేనని, అందులోనూ చిక్కటిదని చెప్పుకునేవాడిని.

ఇక సరిచేస్తాను. పాతిక ఊళ్లు కాదు, ఆరు. తాటిచెట్టంత ఎత్తు ఎగిరింది ఒక్కసారే, అదీ చిన్న తాటిచెట్టు. పాలమూరుకు పోయింది మరదలి కూతురి పెళ్లికి. పెళ్లి మర్నాడు ఊరికే కూర్చోలేక వాళ్ల మెట్ట చెలకలో కాయ పట్టుకుని తిరిగాను. అక్కడ నీళ్లు పడ్డాయో లేదో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. రక్తం సంగతి కంటి ఆపరేషన్ అప్పుడు దవాఖానలో బయటపడింది. బీ పాజిటివ్. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచాను. బియ్యం డబ్బా కింద ఊడ్చేది నా భార్య కదా.

"ఏమయ్యా, ఇన్నేండ్లు ఎవరి రక్తంతోని నీళ్లు చూసినవ్?" అంది.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలో వానలు మా వైపు తొంగి చూడలేదు. ఎక్కడ వేసినా బోరులోంచి తెల్లటి దుమ్మే లేస్తుంటే, మనుషులకు బోర్ల మీదే విసుగు పుట్టింది. నాకు పని లేకుండా పోయింది. పని లేని మనిషి నోటికి పని ఎక్కువ. ఎవరో పదిరోజుల మౌన ధ్యాన శిబిరం గురించి చెబితే, నేను ఇంకా ఆలోచిస్తుండగానే మా ఇంటావిడ సంచి సర్దేసి, పక్కింటామెతో అంది:

"పది దినాలు నోరు మూసుకొని ఉంటడట! పోనియ్యి. ఆయనకు మోక్షం దొరకకున్నా, నాకు జర నిమ్మళం దొరుకుతది."

తిరిగొచ్చి హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, నా ఒళ్లు కర్పూరంలా కరిగిపోయిందనీ, కనుబొమ్మల నడుమ వెలుగు పుట్టిందనీ చెప్పాను. ఆ మాట ఊరంతా తిరిగి, రిటైరైన లెక్కల టీచరమ్మ చెవిన పడింది. ఆమె భర్త పోయిన తర్వాత ఒక్కతే పాలీ నేర్చుకుని బౌద్ధం చదువుకుంటున్న మనిషి. గురువారం మధ్యాహ్నాలు తన ఇంటి ముందు గదిలో ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి చదివించేది. నన్ను పిలిపించింది.

"పెద్దమనిషీ, గా వెలుగు వచ్చినప్పుడు మీ మోకాళ్లు గుంజుతుండెనా?"

"లేదు టీచరమ్మా. మోకాళ్లున్న సంగతే యాదికి లేదు."

"మెడ?"

"మెడ జర ముందుకు వంగింది."

"అయితే నిద్రపోయిండ్రు," అంది. ఆమె దగ్గర చదువుకునే కిరాణా దుకాణం ఆయన పక్కనే కూర్చుని కిసుక్కున నవ్వాడు. "సిగ్గుపడకుండ్రి. అందరం అక్కడినుంచే మొదలు. కానీ చదవకుంట కూర్చుంటే నిద్రకూ, ధ్యానానికీ తేడా దొరకదు. గురువారం రాండ్రి."

పోయాను. ఆ గది నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. పైన ఫ్యాను తిరగాలా వద్దా అన్నట్టు తిరిగేది. కిటికీ ఊచల నీడ నేల మీద జరిగి జరిగి, పొద్దు వాలే వేళకు మా పాదాల మీదికి ఎక్కేది. ఒక్క వాక్యం మీద మధ్యాహ్నమంతా గడిచేది. దుఃఖం అనే మాట దగ్గరే మూడు వారాలున్నాం. దుఃఖమంటే ఏడుపొక్కటే కాదంది టీచరమ్మ. ఇరుసు సరిగా కూర్చోని బండి చక్రం ఎట్లా కిరకిరలాడుతుందో అట్లా, ఏదీ పూర్తిగా ఇమడకపోవడం అంది. పండగ పూట కూడా లోపల ఎక్కడో ఆ కిరకిర ఉంటుందంది. నాకు మా పాత ఎడ్లబండి, దాని మీద ఊగుతూ నిద్రపోయిన చిన్నతనం కళ్లముందు కదిలాయి. కిరకిర వింటూనే నిద్రపోయేవాడిని. ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది.

తర్వాత ఆ దుఃఖానికి మూలం. తృష్ణ. "అంటే దూప," అంది. మా వైపు నీళ్ల దాహాన్ని దూప అంటాం. నలభై ఏళ్లు ఇతరుల దూప మీద బతికినవాడిని, ఆ రోజు ముందున్న మంచినీళ్ల గ్లాసు ముట్టలేదు. ఆ తర్వాత అది ఆరిపోగలదన్న మాట, ఆరడానికి ఎనిమిది అంగాల దారి. సమ్యక్ దృష్టి, సమ్యక్ సంకల్పం అని వేళ్ల మీద చెప్పుకుంటూ వస్తే, మూడోది సమ్యక్ వాక్కు. అక్కడికి రాగానే అందరూ నావైపు చూశారు. అది అన్యాయం. కిరాణా ఆయన ఐదోదాని దగ్గర, అంటే సరైన జీవనోపాధి దగ్గర, కందిపప్పులో రాళ్ల సంగతి మర్చిపోయినట్టు కూర్చున్నాడు, ఆయన్నెవరూ చూడలేదు.

ఒక గురువారం కాయం గురించి, అంటే ఒంటి గురించి చదివాం. నడిచేవాడు నడుస్తున్నానని, చెయ్యి చాచేవాడు చాస్తున్నానని ఎరిగి ఉండాలట. నేను అదేం పెద్ద విద్య అన్నాను.

"చెయ్యి కదిలే ముంగట మనసు కదులుతది," అంది టీచరమ్మ. "లేవాలె, గోకాలె, తీసుకోవాలె అని ఒకటి పుడుతది. గది పుట్టేటప్పుడు పట్టుకున్నరా ఎప్పుడన్న? మీ చేతికి బాగ అలవాటైన పని ఒకటి తీసుకోండ్రి. మెల్లగ చెయ్యండ్రి. కదలిక కన్న ముందున్నదాన్ని చూడండ్రి. వచ్చే వారం చెప్పండ్రి."

కిరాణా ఆయన పొట్లం కట్టడం తీసుకున్నాడు. నా చేతికి అలవాటైన పని ఏదో చెప్పనక్కర లేదు.

నేను పొద్దున ధ్యానానికి కూర్చునేది మా పక్క చేను బత్తాయి తోటలో. అది నా దోస్తుది. నాకంటే నాలుగేళ్లు చిన్న, సాయిబు. తాతల నాడు వాళ్లది దర్జీ ఇల్లు. ఇతను మాత్రం కత్తెర వదిలి నాగలి పట్టాడు. ఐదెకరాల్లో బత్తాయి పెట్టి, పదిహేనేళ్లు పిల్లల్లా పెంచాడు. ఆ తోటలో ఐదు చోట్ల నేనే గీత గీశాను. రెండింట్లో నీళ్లు పడ్డాయి. ఆ రెంటిలో ఒకటి అప్పటికే ఎండింది.

బత్తాయికి ఒక పద్ధతి ఉంది. చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు పూర్తిగా ఆపి చెట్టును బెట్టకు పెడతారు. ఆకులు ముడుచుకుంటాయి, చెట్టు చచ్చిపోతున్నాననుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా నీళ్లు వదిలితే, భయం తీరిన చెట్టు ఒంటినిండా పూస్తుంది. ఆ ఏడు కూడా అట్లాగే నీళ్లు ఆపాడు. నేను మంచులో గొంగడి కప్పుకుని ఆ చెట్ల నడుమ కూర్చునేవాడిని. మంచులో చెట్లకు కాండాలు కనబడేవి కావు. ముడుచుకున్న ఆకుల గుంపులు గాలిలో తేలుతున్నట్టుండేవి. ఎక్కడో కోడి కూసేది. అది ఏ ఊరి కోడో తెలిసేది కాదు. ఎండుటాకు నలిగితే వచ్చే బత్తాయి వాసన, గొంగడిలో గొర్రె వాసన. నేనున్నానో, ఆ వాసనలే ఉన్నాయో కొంతసేపు తెలియకుండా పోయేది.

"అన్నా, ధ్యానం చేస్తున్నవా, పంటున్నవా?" అని దోస్తు చెట్ల వెనక నుంచి అడిగేవాడు.

"రెండిటి నడుమ ఉన్న భాయ్."

"గాడనే ఉండు, కిందికి దిగకు. చీమలున్నయ్."

ఆ మంచులోనే కాయ అరచేతిలో పెట్టుకుని కళ్లు మూశాను. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు అరచేతి కింద నరం కొట్టుకోవడం తెలిసింది. కాయలో నీళ్లు దానికి జవాబిస్తున్నట్టు చిన్నగా ఊగాయి. మూడో రోజు అది కనబడింది. ముందు ఒక చిన్న కోరిక, పేరు కూడా పెట్టలేనంత చిన్నది: లేస్తే బాగుండు. దాని వెనకే మణికట్టు లోపల ఒక నరం దారంలా బిగుసుకుంది. చిటికెన వేలు వెంట్రుకవాసి కిందికి దిగింది. కాయ లేచింది. నేను కూర్చున్న చోట కింద నల్లబండ. అక్కడ నీళ్లు లేవని ఊరందరికీ తెలుసు.

మళ్లీ పడుకోబెట్టాను. మళ్లీ కోరిక, నరం, వేలు, కాయ. పదిసార్లు చూశాను. నలభై ఏళ్లుగా నా చేతిలో నాకు తెలియకుండా ఒకడున్నాడు, వాడు నేనే. నేను తెలిసి మోసం చేశానని ఒప్పుకుంటే కొంత గొప్పగా ఉండేది. తెలియకుండా చేశాను. ఆ ముక్క గురువారం టీచరమ్మకు చెప్పలేదు. "చూడలేకపోయిన" అన్నాను. మూడో అంగం, సమ్యక్ వాక్కు, అక్కడే విరిగింది.

ఆ వారమే దోస్తు చెట్లకు నీళ్లు వదలడానికి మోటారు వేశాడు. పైపు కాసేపు పోసి, దగ్గి, గాలి కక్కింది. మర్నాడూ అంతే. బెట్టకు పెట్టిన చెట్లు. ఎక్కువ రోజులు ఆగవు. సాయంత్రం మా అరుగు మీదికి వచ్చాడు. మా ఇంటావిడ ఇచ్చిన చాయ్ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

"రేపు పొద్దుగాల బోరు బండి వస్తాంది. ఒక్క పాయింట్ పెట్టు అన్నా. గిది పడితే తోట ఉంటది. పడకుంటే మొద్దులు గొట్టి బొగ్గు బట్టీకి పంపుడే. ఇంకొకటి వేసే తాకత్ లేదు."

"ఇంజినీరును పిలువరాదు భాయ్? మిషన్ పెట్టి చూస్తరు."

"మిషన్ ఏం జేస్తది? నాకు నీ చెయ్యి కావాలె."

ఆ చేతి వైపు నేను చూసుకోలేకపోయాను. సరేనన్నాను.

తెల్లవారి తోటకు పోయేసరికి బండి గట్టు మీద నిలబడి ఉంది. దోస్తు భార్య కూడా వచ్చింది. నేను చెల్లె అని పిలుస్తాను ఆమెను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోలోపలే దువా చదువుకుంటోంది. చెప్పులు విడిచాను. కాయ పెట్టుకుని నడిచాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నా వెనక ఇద్దరి అడుగులు, వాళ్ల ఊపిరి. ఉత్తరం మూలకు పోయేసరికి లోపల అది పుట్టింది. లేస్తే బాగుండు. ఈసారి దాని మొహం కూడా కనబడింది. అది నీళ్ల కోసం కాదు. కాయ లేచిన క్షణాన ఈ ఇద్దరి కళ్లలో వెలుగు చూడాలని, ఆ వెలుగు నావైపు తిరగాలని. పేరు కోసం అనుకున్నాను ఇన్నాళ్లు. అందులో ప్రేమ కూడా ఉంది. అదే భయపెట్టింది. ఎందుకంటే ప్రేమతో అయితే చెయ్యి ఇంకా తేలిగ్గా కదులుతుంది. నరం బిగుసుకుంటోంది. కాయ ఒక అంగుళం లేచింది కూడా. వెనక చెల్లె "యా అల్లా" అంది.

రెండో చేత్తో కాయను పట్టుకుని కింద పెట్టేశాను.

"భాయ్, దీన్ని లేపుతున్నది నీళ్లు కాదు, నేను. నా చెయ్యే లేపుతాంది. నాకు గిప్పుడు గిప్పుడే తెలిసింది. కింద ఏమున్నదో నాకు తెల్వదు. ఎన్నడూ తెల్వదు."

దోస్తు కిందున్న కాయనూ, నన్నూ చూశాడు. తర్వాత నెమ్మదిగా తలాడించి, భార్యతో అన్నాడు: "నీళ్లు లెవ్వు. అన్న మొఖం మీద చెప్పలేక గిట్ల అంటున్నడు."

ఇట్లా జరుగుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. జన్మలో మొదటిసారి నిజం చెబితే, అది కూడా జోస్యమే అయింది. చెల్లె అక్కడే కూలబడి కళ్లు తుడుచుకుంటోంది. దోస్తు బండివాళ్ల దగ్గరికి నడుస్తున్నాడు, వెనక్కు పొమ్మని చెప్పడానికి. నేను కాయ అందుకుని, మోకాళ్లు మరిచి ఉరికాను. కండువా పట్టుకుని ఆపాను.

"లెవ్వని చెప్తలేను! ఉన్నయో లెవ్వో తెల్వదంటున్న. రెండు బోర్లు పడ్డది అదృష్టం. మూడు పడనిది గూడ అదే. నేను ఏ గడ్డ మీద నిలబడ్డా కాయ లేస్తది భాయ్. మీ ఇంట్ల లేస్తది. మసీదు మెట్ల మీద లేస్తది. చూడు!"

అతని పాదాల ముందే, నల్లబండ మీద, కాయను మూడుసార్లు లేపి చూపించాను. బండివాళ్లు నవ్వారు. దోస్తు నవ్వలేదు. అతని మొహంలో అర్థం కావడం మెల్లగా, పొద్దెక్కినట్టు ఎక్కింది.

"అయితే గా మూడు బోర్లు?" అన్నాడు. "నువ్వు గీత గీసిన కాడ, మా బాపు బతికున్నప్పుడు, మూడు దినాలు దుమ్ము మింగుకుంట నిలబడ్డ. భూమి మంచిగ లేదన్నవ్. నా నసీబు మంచిగ లేదన్నవ్."

"అవ్, అన్న భాయ్."

"నా నసీబు మీద ఏసినవ్ అన్నా."

బండి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు.

గురువారం టీచరమ్మకు అంతా చెప్పాను, పోయిన వారం ఆడిన అబద్ధంతో సహా. ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. సమ్యక్ వాక్కు గురించి రెండు మంచి మాటలన్నా అంటుందని. ఆమె పుస్తకం మూసింది.

"తెల్వదని చెప్పిండ్రు, మంచిదే. తెలిసింది ఏంది మరి?"

"ఏముంది? పాత బోరు ఒకటి కొద్దిగ పోస్తుంది."

"కొద్దిగ అంటే?"

"ఏమో, గంటో అరగంటో."

"చూడలేదా? లేని నీళ్లకోసం నలభై ఏండ్లు చూసిండ్రు, ఉన్న నీళ్లను చూడలేదా?"

మర్నాటి నుంచి తెల్లవారకముందే, మబ్బులోనే తోటకు పోయాను. దోస్తు అడ్డు చెప్పలేదు, పలకరించనూ లేదు. మోటారు అతను వేసేవాడు. నేను పైపు పక్కన డ్రమ్ము పెట్టి, గడియారం చూస్తూ కూర్చునేవాడిని. అంత శ్రద్ధగా నేనెప్పుడూ దేన్నీ చూడలేదు. నీళ్లు లావుగా వస్తూ వస్తూ, ఒకచోట సన్నబడడం మొదలయ్యేది. సన్నబడే ముందు ధార రంగు కొంచెం పలచనయ్యేది. ఆ నీటిధార చూస్తుంటే చుట్టూ మంచు, చెట్లు, నా ఒళ్లు అన్నీ దాని చుట్టూ మెల్లగా తిరుగుతున్నట్టుండేది. నిద్ర రాలేదు. నాలుగు రోజులు చూశాను. పొద్దున నలభై నిమిషాలు. మళ్లీ ఊరడానికి పొద్దంతా కావాలి. సాయంత్రం ఇంకో ముప్పై.

ఐదో రోజు అతనే వచ్చి డ్రమ్ము అంచు మీద కూర్చున్నాడు.

"ఏం తేలింది?"

"తోటంతటికీ చాలవు. సగానికి చాలుతయి, సన్న పైపులు పెట్టి మొదళ్లకే పోస్తే. గిది నా చెయ్యి చెప్తలేదు, గడియారం చెప్తాంది. రేపు నువ్వే పట్టుకొని చూడు."

మర్నాడు గడియారం అతను పట్టుకున్నాడు. నా లెక్క సరిపోయింది. కాసేపటికి అతను ఒక బక్కెట్లో సున్నం కలుపుకొచ్చి, నా చేతిలో పెట్టాడు.

"నేను చెప్త, నువ్వు గుర్తు పెట్టు. ఉంచేటి చెట్లకే."

వరుస వెంట వరుస నడిచాం. ఏ చెట్టు ముందూ అతను తొందరపడలేదు. ఇది పెద్ద కొడుకు పుట్టిన ఏడు కాత పట్టింది, ఉంచు. ఇది ఏటేటా పురుగు పట్టేది, మందు కొట్టి కొట్టి చేతులు మండేవి, వదిలెయ్. దీని కాయ పుల్లన, కానీ దీని నీడల అమ్మ నమాజు చదివేది. అక్కడ చాలాసేపు ఆగాడు. నేను బక్కెట్టు పట్టుకుని ఎదురుచూశాను. నా లోపల కోరిక పుట్టింది, ఉంచమని చెప్పాలని. పుట్టడం చూశాను. నోరు తెరవలేదు. అది అతని చెట్టు.

"వదిలెయ్," అన్నాడు చివరికి. "మెరక మీద ఉన్నది. నీళ్లు ఎక్కయి."

కొట్టే రోజు నేనూ పోయాను. గొడ్డలి మొదటి దెబ్బకు పచ్చి కట్టె వాసన, బత్తాయి తొక్క వాసన గుప్పున లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ధ్యానం కాదు, చూడలేక.

"అన్నా, కండ్లు తెరువు," అన్నాడు దోస్తు నా మోచెయ్యి పట్టుకుని. "ఒక్కణ్ణే చూడలేకపోతున్న."

తెరిచాను. సాయంత్రం దాకా ఇద్దరం నిలబడి చూశాం. చివరి చెట్టు ఏదో చెప్పనక్కర లేదు. దాన్ని అతనే కొట్టాడు.

ఉంచిన వరుసలన్నీ బతికి ఆ ఏడే తెల్లగా పూశాయని రాయబోయాను, రాసి కొట్టేశాను. ఆ ఏడు పూయలేదు. తొమ్మిది చెట్లు ఎండాకాలంలో పోయాయి. మిగతావి ఆకు వేశాయి, మరుసటేడు వానలు పడ్డాక పూశాయి. కొట్టేసిన మెరక మీద ఇప్పుడు కంది వేస్తున్నాడు. నాతో మాట్లాడుతాడు. నసీబు అన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్య ఎవరమూ ఎత్తం.